ఆదివారం పది గంటల రీడింగ్

మంగళవారం, పదకొండూ పది.

స్టేషన్లో రైటర్ గది వెనక ఓ చెక్కబల్ల ఉంది. ఫిలిప్‌ని ఆదివారం సాయంత్రం నుంచి దాని మీదే కూర్చోబెట్టారు. అరెస్టు చూపలేదు, ఇంటికీ పంపలేదు. వెనక గోడ ఉన్నా అతను చేరగిలబడలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఏదో చప్పుడు కోసం చెవి ఒగ్గినట్టు కూర్చున్నాడు.

యలమందయ్య కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరుగా రిటైరై ఆరేళ్ళు. ఇప్పుడు బ్రాడీపేటలో కోచింగ్ సెంటర్ పైన ఒక్క గది, గుమ్మానికి 'ప్రైవేట్ డిటెక్టివ్' అని బోర్డు, లోపల ఒక్క మనిషి.

"నీ భార్య ఎలీసమ్మ నిన్న నా దగ్గరికొచ్చింది. సీఐ గారు పావుగంట ఇచ్చారు. నిజం చెప్పడానికి పావుగంట చాలు. మొదలుపెట్టు."

"ఆదివారం నాది పొద్దుటి షిఫ్టండి. ఆరు నుంచి రెండు. తొమ్మిదికి పది నిమిషాలుందనగా చలమయ్యకి మిషన్ అప్పజెప్పి చర్చికెళ్ళాను. పదకొండూ యాభై అయిదుకి తిరిగొచ్చేసరికి..."

"చలమయ్యది ఏ షిఫ్టు?"

"రాత్రిదండి."

"రాత్రి షిఫ్టు వాడు పొద్దున్నే ఎందుకొచ్చాడు?"

"నేనే అడిగానండి. ఆ ఒక్క రోజుకి."

"ఎప్పుడడిగావు?"

"శనివారం సాయంత్రం."

"ఆఫీసులో ఎవరికైనా చెప్పావా?"

ఫిలిప్ చూపు నేల మీదికి దిగింది. "మేనేజర్ గారికి చెప్పానండి. నోటిమాటగా."

"నువ్వు చెప్పలేదని ఆయనంటున్నాడు."

"చెప్పానండి. చలమయ్య డ్యూటీలో ఉండే చనిపోయాడు. డ్యూటీలోనే ఉన్నాడండి. అది రాసుకోండి."

యలమందయ్య రాసుకున్నాడు. తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా ఇతను చర్చిలో ఉన్నాడనడానికి పాస్టరుతో సహా రెండొందల మంది సాక్షులు. ఆ సంగతి పొద్దునే వెళ్ళి తేల్చుకున్నాడు.

"చలమయ్యంటే గిట్టనివాళ్ళు ఎవరున్నారు?"

ఫిలిప్ మొదటిసారి తలెత్తి చూశాడు. "మాకు మనుషులే కనపడరండి. గిట్టనివాళ్ళు ఎక్కణ్ణుంచొస్తారు? షిఫ్టుకొక్కడు. మిషన్ మోతలో గొంతు చించుకున్నా బయటికి వినపడదు. రోజు మొత్తంలో నేను మాట్లాడేది షిఫ్టు మారేటప్పుడు పది నిమిషాలు, చలమయ్యతో. ఆ పది నిమిషాలూ ఇప్పుడు లేవు."

పావుగంట అయిపోయింది.

*

పన్నెండూ నలభై. సింధూరి మిర్చి కోల్డ్ స్టోరేజీ, మిషన్ రూమ్.

ఆదివారం నుంచి కంప్రెసర్లు ఆపేశారు. గోడ అవతల చాంబర్లలో లక్షకి పైగా మిర్చి టిక్కీలు, నిండా కూరి కుట్టిన బస్తాలు, నెమ్మదిగా వేడెక్కుతున్నాయి. తలుపు దగ్గర సీఐ త్రినాథ్ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. పదిహేనేళ్ళ కిందట ఇదే త్రినాథ్‌కి పంచనామా రాయడం నేర్పింది యలమందయ్య.

"గురువుగారూ, ఇందులో డిటెక్టివ్‌కి పనేం లేదు. అడిగారు కాబట్టి చూపిస్తున్నాను. అమోనియా పైపుల్లో ఆయిల్ చేరుతుందంట. వారానికోసారి, ఆదివారం పది గంటలకి, ఆ వాల్వ్ తిప్పి బకెట్లోకి వదలాలంట. ఆయిల్ అయిపోయాక గ్యాస్ వస్తుంది, అప్పుడు కట్టేయాలి. చలమయ్య కట్టలేదు, పోయాడు. డ్యూటీ వదిలేసి పోయిన ఫిలిప్‌ది నిర్లక్ష్యం. కేసయిపోయింది."

"గ్యాస్ వాసన మొదట ఎవరికి తెలిసింది?"

"గేటు దగ్గర వాచ్‌మన్ నజీర్‌కి. పదీ పన్నెండు."

"శవం ఎక్కడుంది?"

త్రినాథ్ సుద్దగీత చూపించాడు. యలమందయ్య గీత దగ్గర గొంతుకూర్చున్నాడు. వాల్వ్‌కి రెండడుగుల దూరం. తల వాల్వ్ వైపు, కాళ్ళు తలుపు వైపు.

"మాస్కు?"

"ముఖానికే ఉంది. ఇదిగో." త్రినాథ్ సీలు వేసిన ప్లాస్టిక్ కవరు ఊపాడు.

"మాస్కు పెట్టె ఎక్కడ?"

"తలుపు బయట, గోడకి."

యలమందయ్య అడుగులు కొలిచాడు. వాల్వ్ నుంచి తలుపుకి పదకొండు. తలుపు నుంచి పెట్టెకి మూడు.

"అంటే గ్యాస్ తన్నుకొచ్చినప్పుడు చలమయ్య బయటపడ్డాడు. ప్రాణాలతో. పెట్టె సీలు తెంపి, మాస్కు తగిలించుకుని, మళ్ళీ లోపలికి వచ్చాడు. ఎందుకు త్రినాథ్?"

జవాబు తలుపు దగ్గర నిలబడ్డ మూడో మనిషి నుంచి వచ్చింది. "ఈ గోడ వెనకే షెడ్డుంది సార్. తొడిమలు తీసే ఆడవాళ్ళు పద్నాలుగు మంది ఉన్నారు ఆ టైములో."

మేనేజర్ నాగచైతన్య. ముప్పై రెండేళ్ళుంటాయి. రెండు రోజులుగా నిద్రలేనట్టు కళ్ళు ఎర్రబడ్డాయి, చొక్కా మాత్రం నలగలేదు.

"మాస్కు ఉంటే వాల్వ్ కట్టేసి రావడానికి ఒక్క నిమిషం చాలు కదా?" అడిగాడు యలమందయ్య.

"చాలు సార్. పాపం, కంగారుపడి ఉంటాడు."

యలమందయ్య టార్చి వెలిగించి వాల్వ్ మీదికి వంగాడు. పిడిని పక్కకి లాగి వదిలాడు. లాగిన చోటే ఉండిపోయింది.

"చెయ్యి తీస్తే దానంతటదే మూసుకోవాలి. మూసుకోలేదేం? స్ప్రింగు ఏది?"

"వీళ్ళే పీకేస్తారండి," అన్నాడు త్రినాథ్. "చెయ్యి నొప్పెడుతుందని. నాలుగు కోల్డ్ స్టోరేజీల్లో కనుక్కున్నాను. నేనూ పని చేస్తాను గురువుగారూ."

"చేస్తావు. సగం చేస్తావు. ఇలా రా. పిడిని పట్టి ఉంచే ఈ పిన్ను చూడు. చుట్టూ ఏళ్ళనాటి జిడ్డు, పిన్ను తల మీద మాత్రం తళతళలాడే గీతలు. ఈ మధ్యే ఎవరో ఊడదీసి మళ్ళీ బిగించారు. అది చలమయ్యే అయితే, స్ప్రింగు లేదని తెలిసినవాడు పిడి మీంచి చెయ్యి తీస్తాడా? బకెట్ చూడు, నిండింది. రెండో బకెట్ ఐదడుగుల దూరంలో ఉంది. దానికోసం చెయ్యి వదిలాడు. దానంతటదే మూసుకుంటుందని నమ్మి వదిలాడు."

త్రినాథ్ వంగి పిన్నుని దగ్గరగా చూశాడు.

"ఆ కవరు ఇటివ్వు. తెరవనులే. వెలుతురులో పట్టుకుంటాను."

మాస్కుకి బిగించిన ఫిల్టర్ డబ్బా మీద టార్చి ఆగింది. డబ్బా అంచు మరల్లో సన్నటి ఎర్రటి పొడి ఇరుక్కుని ఉంది.

"నాగచైతన్య గారూ, మీకు కారం మిల్లు కూడా ఉందా?"

"ఉంది సార్. వెనక షెడ్డులో."

"అక్కడ వాళ్ళు వాడే మాస్కులు?"

"అవి దుమ్ము మాస్కులు సార్. వేరే."

"డబ్బాలు మాత్రం ఒకే సైజు. ఇది కారం మిల్లు డబ్బా. కారప్పొడిని ఆపుతుంది, అమోనియాని ఆపదు." యలమందయ్య లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "స్ప్రింగు ఒక్కటే పోతే పొరపాటు. డబ్బా ఒక్కటే మారితే స్టోరువాడి తప్పు. రెండూ ఒకే రోజు, ఒకే మనిషికి ఎదురైతే దాన్ని హత్య అంటారు. త్రినాథ్, ఇది నేను నీకు నేర్పానా, మర్చిపోయానా?"

త్రినాథ్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా తగ్గలేదు. "సరే, హత్యే అనుకుందాం. అప్పుడు ఫిలిప్ ఇంకా గట్టిగా ఇరుక్కుంటాడు. మిషన్ సంగతి వాడికంటే తెలిసినవాడెవడు? ఆ రోజు చలమయ్యని పిలిపించింది వాడే. బిగించి పెట్టి, చర్చికెళ్ళి పాటలు పాడుకున్నాడు."

"మాస్కు పెట్టెకి సీలు ఎవరు వేస్తారు?"

"నేనే సార్," అన్నాడు నాగచైతన్య. "శనివారం సాయంత్రం అయిదున్నరకి వేశాను. కాగితం మీద టైముంది."

"తాళం?"

"ఆఫీసులో. అక్కడికి పదిమంది వస్తూ పోతూ ఉంటారు."

"ఫిలిప్ వస్తాడా?"

నాగచైతన్య ఒక్క క్షణం ఆలోచించాడు. "ఆపరేటర్లు ఆఫీసులోకి రారు సార్."

"విన్నావుగా త్రినాథ్. సీలు అయిదున్నరకి పడింది. ఆదివారం చలమయ్య తెంపేదాకా తెగలేదు. డబ్బా మార్చింది సీలుకి ముందు, తాళం అందే మనిషి. నీ ఫిలిప్‌కి తాళం అందదు. ఇప్పుడు చెప్పు, మనిషిని ఏ కాగితం మీద రెండ్రోజులు బల్ల మీద కూర్చోబెట్టావు? ఎలీసమ్మ రేపు హైకోర్టుకి వెళితే నువ్వేం చెబుతావు?"

"బెదిరిస్తున్నారా?"

"నేర్పుతున్నాను. ఈసారి ఫీజు లేకుండా."

త్రినాథ్ ఫోన్ తీశాడు. యలమందయ్య మీంచి చూపు తిప్పకుండానే స్టేషన్‌తో మాట్లాడాడు. "ఆ ఫిలిప్‌కి నోటీసిచ్చి ఇంటికి పంపించేయండి. అవును, ఇప్పుడే." ఫోన్ జేబులో పడేశాడు. "గెలిచారు గురువుగారూ. ఇంటికెళ్ళి ఎవరికైనా చెప్పుకోండి. ఓ... ఇంట్లో ఎవరూ లేరు కదూ."

రెండూ అయిదు. జీపు దుమ్ము లేపుకుంటూ, స్టేషన్ ఉన్న పేట వైపు వెళ్ళిపోయింది. నాగచైతన్య, "మీరు చూసుకోండి సార్, నాకు చిన్న పనుంది," అని నమస్కారం పెట్టి వెళ్ళాడు.

*

యలమందయ్య ఆపరేటర్ కుర్చీలో కూర్చున్నాడు. ఇనప కుర్చీ. మీద మడతపెట్టిన గోనెసంచి. ఎదురుగా మూడు మీటర్లు, ఓ గడియారం, బల్ల మీద లాగ్ బుక్. కిటికీ లేదు. ఎనిమిది గంటల పాటు ఈ ముళ్ళ వంక చూస్తూ, గంటకోసారి నాలుగు అంకెలు రాస్తూ కూర్చోవాలి. రాసింది ఎవరూ చదవరు.

త్రినాథ్ మాట గుచ్చుకోలేదని అబద్ధం చెప్పుకోవడం అనవసరం. పొద్దుటి నుంచి ఇంతమందితో మాట్లాడాడు. రాత్రి ఏడు గంటలకి గదికెళితే మెస్సు కుర్రాడు క్యారియర్ గుమ్మం బయట పెట్టి పోయి ఉంటాడు. కింద కోచింగ్ సెంటర్లో మైకు పెట్టి లెక్కలు చెబుతుంటారు. ఆ గొంతే అతని ఇంట్లో వినిపించే మనిషి గొంతు.

ఒకటి మాత్రం కుదరడం లేదు. ఫిలిప్ మాట ప్రకారం, ఆదివారం చలమయ్య వస్తాడని ఆఫీసుకి శనివారమే తెలుసు. అంటే ఆఫీసులో ఎవరో చలమయ్యని చంపాలనుకున్నారు. ఎందుకు? మనుషులే కనపడని మనిషిని చంపాల్సిన అవసరం ఎవరికి?

లాగ్ బుక్ తెరిచాడు. ఆదివారం పేజీ. ఆరు, ఏడు, ఎనిమిది గంటల రీడింగులు. చివర ఫిలిప్ సంతకం. తొమ్మిది, పది గంటల రీడింగులు. వాటికీ ఫిలిప్ సంతకమే. త్రినాథ్ ఇక్కడిదాకా చూసి, ఫిలిప్ ముందే రాసి పెట్టి పోయాడనుకున్నాడు. యలమందయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు. ఎనిమిది గంటల గడిలో నాలుగు అంకె నిటారుగా, మూసి ఉంది. పది గంటల గడిలో నాలుగు తలకిందులు చేసిన కుర్చీలా తెరుచుకుని ఉంది.

పేజీలు వెనక్కి తిప్పాడు. అంతకు ముందు ఆదివారం. తొమ్మిది, పది, పదకొండు. కుర్చీ నాలుగు. ఆ ముందు ఆదివారమూ అంతే. బీరువాలోంచి పాత పుస్తకాలు తీశాడు. నిరుడు, అటు నిరుడు. ఎక్కడ ఆదివారం పొద్దుటి షిఫ్టు ఫిలిప్‌దైతే అక్కడ మూడు గడులు చలమయ్య రాతలో, ఫిలిప్ పేరుతో. ఒక్క వారం కూడా తప్పలేదు.

ఆ ఒక్క రోజుకి అన్నాడు ఫిలిప్. అబద్ధం.

తలుపు దగ్గర గాజుల చప్పుడైంది. నలభై అయిదేళ్ళ ఆడమనిషి, నజీర్‌ని వెంటబెట్టుకుని, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడింది.

"చలమయ్య భార్యండి, మల్లేశ్వరి," అన్నాడు నజీర్. "చెప్పులూ తుండుగుడ్డా ఉన్నాయంట. తీసుకుపోతానంటోంది."

"రామ్మా. కూర్చో."

ఆమె కూర్చోలేదు. ఇనప కుర్చీ వంక చూసి ఊరుకుంది.

"ఒక్కటే అడుగుతాను తల్లీ. నీకు కష్టమైనా చెప్పాలి. మీ ఆయన ఎన్నాళ్ళ నుంచి ఆదివారాలు ఫిలిప్ బదులు వస్తున్నాడు?"

మల్లేశ్వరి నజీర్ వైపు చూసింది. నజీర్ చెప్పమన్నట్టు తలాడించాడు.

"తొమ్మిదేళ్ళండి. ఫిలిప్ అన్నకి వారమంతట్లో మనుషుల మధ్య కూర్చునేది ఆ రెండున్నర గంటలే కదా, పోనీలే అనేవాడు మా ఆయన. కార్తీక సోమవారాలు, మా కొండ తిరనాళ్ళు, అన్నీ అన్న చూసుకునేవాడు. ఒకళ్ళ బదులు ఒకళ్ళు సంతకం పెట్టేసుకునేవాళ్ళు."

"ఆఫీసుకి చెప్పేవాళ్ళు కాదా?"

"అమ్మో! తెలిస్తే ఇద్దర్నీ తీసేస్తారుగా. ఆఫీసువాళ్ళు ఆదివారం పొద్దున ఇటు రారు. వాళ్ళకి డ్యూటీ చార్టులో ఏ పేరుంటే ఆ మనిషే."

"నాకు తెలుసండి," అన్నాడు నజీర్ మెల్లగా. "నేను చెప్పలేదు. ఏమని చెప్తాం? మంచి పనే కదా."

"ఇప్పుడు ఆఫీసువాళ్ళు నీకేమన్నారమ్మా?"

"చలమయ్య ఆ టైముకి డ్యూటీలో లేడు, బయటి మనిషి లోపలికొచ్చి చచ్చిపోయాడు, మాకు సంబంధం లేదన్నారు. ఇరవై రెండేళ్ళు చేశాడండి ఇక్కడ. బయటి మనిషంట."

అందుకా ఫిలిప్ అదే మాట పట్టుకుని వేలాడింది. డ్యూటీలోనే ఉన్నాడండి, అది రాసుకోండి. చచ్చిపోయినవాడిని డ్యూటీలో ఉంచడానికి ఆఫీసుకి చెప్పానని అబద్ధమాడాడు. తన మెడకి చుట్టుకుంటుందని తెలిసీ.

ఫిలిప్ ఆఫీసుకి చెప్పలేదు. నాగచైతన్య చెప్పింది నిజం. చలమయ్య వస్తాడని ఆఫీసులో ఎవరికీ తెలీదు. చార్టు ప్రకారం ఆదివారం పది గంటలకి ఆ వాల్వ్ దగ్గర ఉండాల్సింది ఒకే ఒక్కడు.

"మల్లేశ్వరీ, ఫిలిప్‌కి ఆఫీసుతో ఏమైనా గొడవా?"

"ఏప్రిల్లో గ్యాస్ లీకైందండి. షెడ్డులో ఇద్దరాడవాళ్ళు పడిపోయారు. అప్పుడూ అన్నే మాస్కు పెట్టుకుని లోపలికెళ్ళి కట్టేశాడు. అలారం మోగలేదని చూస్తే తీగలు పీకేసి ఉన్నాయి. మాటిమాటికీ మోగుతోందని మేనేజరే పీకించాడంట. అన్న గవర్నమెంటుకి ఉత్తరం రాశాడు. రేపు గుంటూరులో ఎంక్వైరీ. సాక్ష్యం చెప్పాల్సింది అన్నే."

చలమయ్య శత్రువుల గురించి అడిగాడు తను. ఫిలిప్ శత్రువుల గురించి అడగలేదు. గ్యాస్ వస్తే పారిపోకుండా, మాస్కు తగిలించుకుని వెనక్కి నడిచే మనిషని ఏప్రిల్లోనే ఒకడు చూసి పెట్టుకున్నాడు.

"నజీర్! మేనేజర్ ఎప్పుడు వెళ్ళాడు?"

"సీఐ గారి జీపు వెనకాలేనండి. రెండూ పదికి. పేట వైపు."

రెండూ యాభై రెండు. ఎలీసమ్మ నంబరు రెండో రింగుకే పలికింది.

"మీ పుణ్యమాని ఇంటికొచ్చాడు సార్," అందామె. "మెతుకు కూడా ముట్టలేదు, అంతలోనే మేనేజర్ గారు కారేసుకుని వచ్చారు. ఇక్కడ మిషన్లకి పోలీసులు సీలేశారు కదా, బొప్పూడి దాటాక వాళ్ళదే పాత కోల్డ్ స్టోరేజీ యూనిట్ ఉంది, అక్కడ మిషన్ ఆన్ చేసి టిక్కీలు అక్కడికి మార్చాలన్నారు."

"వెళ్ళొద్దనలేదా అమ్మా నువ్వు?"

"అన్నాను సార్. ఈయన వినలేదు. వస్తే, చలమయ్య డ్యూటీలోనే ఉన్నాడని రాసి సంతకం పెడతానన్నారు మేనేజర్ గారు. ఆ మాట విని చొక్కా తొడుక్కున్నాడు."

ఫిలిప్ ఫోన్ పదిసార్లు మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ ఆగిపోయింది.

పాత యూనిట్ ఇక్కణ్ణుంచి పాతిక కిలోమీటర్లు. స్కూటరు మీద నలభై నిమిషాలు. పేట నుంచి ఆరు కిలోమీటర్లు. పేటలో ఇప్పుడు ఎవరున్నారో యలమందయ్యకి తెలుసు. ఆ నంబరు నొక్కడానికి వేలు ఒక్క క్షణం తటపటాయించింది.

"చెప్పండి గురువుగారూ," అన్నాడు త్రినాథ్. "ఇంకేమైనా నేర్పాలా?"

"నేను తప్పు చేశాను త్రినాథ్. ఫిలిప్‌ని నీ స్టేషన్లోనే ఉంచాల్సింది. వాళ్ళు చంపాలనుకున్నది ఫిలిప్‌ని. నేనే విడిపించి వాళ్ళ చేతికిచ్చాను." మూడు ముక్కల్లో మిగతాది చెప్పాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాడు. చెయ్యలేదు. జీపు స్టార్టయిన చప్పుడు మాత్రం వినిపించింది.

యలమందయ్య స్కూటరు తీశాడు. చెవిలో ఫోన్ తీగ, ముందు హైవే, పక్కన లారీలు. మూడూ ఎనిమిదికి త్రినాథ్ గొంతు మళ్ళీ పలికింది.

"గేటు తీసే ఉంది సార్. కారు లేదు. మనిషన్నవాడు లేడు." గురువుగారూ పోయి సార్ వచ్చింది. "మిషన్ రూము తలుపు ఇనపది. బయట గడియ పెట్టి ఉంది. ఘాటు ఇక్కడిదాకా కొడుతోంది, కళ్ళు మండిపోతున్నాయి. లోపల్నుంచి ఎవరో తలుపు బాదుతున్నారు సార్!"

"ఆగు. తొందరపడకు. గాలి ఎటు నుంచి వీస్తోంది?"

"నా వీపు మీదికి."

"నీళ్ళేమైనా ఉన్నాయా?"

"తొట్టి ఉంది."

"తుండుగుడ్డ తడిపి ముక్కుకీ నోటికీ చుట్టుకో. తలుపుకి ఎదురుగా నిలబడకు, పక్కన నిలబడి గడియ లాగు. తెరిచాక ఊపిరి బిగబట్టి, మనిషిని చంకల కింద పట్టుకుని ఇవతలికి లాగేయ్. లోపలికి రెండడుగులకి మించి వెళ్ళకు. వింటున్నావా? వెళ్ళకు."

నీళ్ళ చప్పుడు. పరిగెత్తే బూట్లు. ఇనుము మీద ఇనుము గీసుకున్న చప్పుడు. గడియ తుప్పు పట్టి ఉన్నట్టుంది, త్రినాథ్ దేనితోనో కొడుతున్నాడు. ఒకటి, రెండు, మూడు. తర్వాత ఆగాడు.

"ఏమైంది త్రినాథ్?"

"సార్..." తడిగుడ్డ వెనక నుంచి వచ్చిన గొంతు చాలా దూరంగా వినిపించింది. "లోపల బాదడం ఆగిపోయింది."